ఏఆర్‌డీఎస్ పేషెంట్‌ని బోర్లా తిప్పడం: ట్యూబు, సక్షన్, ముఖం, ఫీడ్ (చెక్‌లిస్ట్ కోసం సలహాలు కావాలి)

నైట్‌డ్యూటీ_సిస్టర్
అందరికీ నమస్తే. మా ఐసీయూకి ప్రోనింగ్ (వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌ని బోర్లా తిప్పడం) చెక్‌లిస్ట్ తెలుగులో రాస్తున్నాం. కొత్తగా చేరిన స్టాఫ్‌తో పాటు ఆయమ్మలు, వార్డుబాయ్‌లు కూడా చదివి అర్థం చేసుకునేలా ఉండాలి. ఉదాహరణకి ఈ పేషెంట్‌ని పెట్టుకుని చెప్పండి: స్క్రబ్ టైఫస్‌తో (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి ఆక్సిజన్ అందని స్థితి), ఆడమనిషి, ఎత్తు 150 సెం.మీ., బరువు 80 కిలోలు. టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకి ఇచ్చే గాలి) 480 మి.లీ., రేటు 18, పీప్ (శ్వాస వదిలాక కూడా లోపల నిలిపే ఒత్తిడి) 12, ఎఫ్ఐఓటూ (ఇచ్చే గాలిలో ఆక్సిజన్ వంతు) 0.7. ఏబీజీలో (ధమని రక్త పరీక్ష) ఆక్సిజన్ 72. ట్యూబు 7 నంబరు, పెదవి దగ్గర 21 మార్కు.

నా ప్రశ్నలు: తిప్పడానికి ఎంతమంది ఉండాలి, ఏది ముందు ఏది తర్వాత? సక్షన్ (కఫం పీల్చి తీయడం) చేయగానే సాచురేషన్ 80కి పడిపోయి అరగంట దాకా లేవకపోతే తప్పు ఎక్కడ? 16 గంటలు బోర్లా ఉంచితే చెంపల మీద పుండ్లు పడకుండా ఏం చేయాలి? ఫీడ్ (ట్యూబుతో ఇచ్చే ఆహారం) ఆపాలా, వద్దా?

వెంట్‌గ్రాఫ్ (రెస్పిరేటరీ థెరపిస్ట్)
సిస్టర్, తిప్పే సంగతి తర్వాత. ముందు ఆ 480 చూడండి. 80 కిలోలకి కిలోకి 6 మి.లీ. చొప్పున లెక్కేస్తే 480 వచ్చింది, ఆ లెక్కే తప్పు. మనిషి లావైతే ఊపిరితిత్తులు పెద్దవి కావు. ఎత్తును బట్టే వాల్యూమ్.

ముందు ఎత్తుకి తగిన బరువు లెక్కేయండి: ఆడవాళ్లకి 45.5, మగవాళ్లకి 50. దానికి, ఎత్తులోంచి 152.4 తీసేసి మిగిలినదాన్ని 0.91తో గుణించి కలపాలి. ఈవిడకి 45.5లోంచి సుమారు 2.2 పోతుంది, 43.3 కిలోలు వస్తాయి. కిలోకి 6 అంటే 260 మి.లీ. ఇప్పుడు ఇస్తున్న 480 కిలోకి 11 దాకా పడుతోంది. 2000లో వచ్చిన ఆర్మా ట్రయల్‌లో కిలోకి 12 ఇచ్చిన గుంపులో 39.8 శాతం చనిపోతే, 6 ఇచ్చిన గుంపులో 31 శాతం. వెంటిలేటర్ బటన్ ఒక్కటి సరిచేస్తే వచ్చిన తేడా అది.

ఒక్కసారిగా దించకండి. 8 (346), 7 (303), 6 (260) అని మెట్టుకి గంటో రెండు గంటలో ఇచ్చి డాక్టర్‌గారితో మాట్లాడి దించండి. వాల్యూమ్ తగ్గేకొద్దీ రేటు పెంచాలి, 35 దాకా వెళ్లొచ్చు. పెంచినప్పుడల్లా గ్రాఫ్‌లో ఎక్స్‌పిరేషన్ ఫ్లో సున్నాకి దిగాకే తర్వాతి శ్వాస మొదలవుతోందా చూడండి. దిగకముందే మొదలైతే లోపల గాలి పేరుకుంటోందని, బీపీ పడుతుంది. శ్వాస లోపలికి పోయాక అర సెకను ఆపి (హోల్డ్) ప్లాటో ప్రెషర్ కొలిచి ప్రతి షిఫ్ట్‌లో చార్ట్‌లో రాయండి. 30 దాటకూడదు. ప్లాటోలోంచి పీప్ తీసేస్తే వచ్చే డ్రైవింగ్ ప్రెషర్ 15 లోపు ఉండాలి.

కార్బన్ డయాక్సైడ్ కొంత పెరుగుతుంది, పీహెచ్ 7.20 పైన ఉంటే చాలామంది ఓర్చుకుంటారు. పెరుగుతూనే ఉంటే సర్క్యూట్‌లో అనవసరమైన క్యాథెటర్ మౌంట్ (ట్యూబుకీ సర్క్యూట్‌కీ మధ్య పెట్టే గొట్టం) తీసేయండి. హెచ్‌ఎంఈ ఫిల్టర్ (శ్వాసలోని తేమని పట్టి ఉంచేది) బదులు వేడి హ్యూమిడిఫయర్‌కి మార్చండి, ఆ ఫిల్టర్‌లో ఉండే వృథా జాగా 260 మి.లీ. శ్వాసకి చాలా ఎక్కువ. రెండూ ఒకేసారి మాత్రం పెట్టకూడదు. ఫిల్టర్ తడిసి మూసుకుపోతుంది.

కొత్త_స్టాఫ్
సార్, స్పృహ లేని పేషెంట్ ఎత్తు ఎలా కొలవాలి? కేస్ షీట్‌లో అందరికీ 165 అనే రాసి ఉంటుంది.

వెంట్‌గ్రాఫ్
చెయ్యి పక్కకి చాచి, గొంతు కింద ఎముకల మధ్య గుంట నుంచి మధ్య వేలు, ఉంగరపు వేలు కలిసే చోటు దాకా టేపుతో కొలవండి. ఆడవాళ్లకి ఆ కొలతని 1.35తో గుణించి 60.1 కలపండి. మగవాళ్లకి 1.40తో గుణించి 57.8 కలపండి. 66.5 సెం.మీ. వస్తే ఆవిడ ఎత్తు సుమారు 150. ఆ ఎత్తు, దాన్నిబట్టి వచ్చిన 6 మి.లీ. లెక్క స్టిక్కర్ మీద రాసి వెంటిలేటర్‌కి అంటించేయండి.

ఇన్‌చార్జ్_అక్క
సక్షన్ గురించి నేను చెప్తాను. సాచురేషన్ పడేది కఫం వల్ల కాదు తల్లీ, సర్క్యూట్ ఊడదీసినందువల్ల. ఏఆర్‌డీఎస్‌లో గాలి గదులు పీప్ వల్లే తెరుచుకుని ఉంటాయి. ట్యూబు విప్పిన క్షణంలో ఆ పీప్ పోతుంది, గదులు మూతపడతాయి. మళ్లీ తెరుచుకోవడానికి వాటికి చాలాసేపు పడుతుంది. మీరన్న అరగంట అదే. ఆపైన పీప్ వాల్వ్ లేని ఆంబూతో (చేత్తో నొక్కే గాలి సంచి) నాలుగు నొక్కులు నొక్కితే ఇంకా దిగుతుంది.

అందుకని క్లోజ్డ్ సక్షన్ (సర్క్యూట్ విప్పకుండా చేసేది) తప్పనిసరి. 7 నంబరు ట్యూబుకి 10 ఫ్రెంచ్ సైజు క్యాథెటర్, 8కి 12 ఫ్రెంచ్, అంతకన్నా లావు వద్దు. లావు క్యాథెటర్ ట్యూబుని నింపేసి లోపలి గాలినంతా లాగేస్తుంది. ముందు వెంటిలేటర్‌లోనే 100 శాతం ఆక్సిజన్ బటన్ నొక్కి 30 నుంచి 60 సెకన్లు ఆగండి. వ్యాక్యూమ్ 120 నుంచి 150 దగ్గర మొదలుపెట్టండి, 200 దాటించకండి. లోపలికి పోయేటప్పుడు పీల్చకూడదు, తీసేటప్పుడే పీల్చాలి, మొత్తం 15 సెకన్ల లోపు. అయిపోయాక క్యాథెటర్ మీది నల్ల గీత బయటికి కనబడేదాకా వెనక్కి లాగండి. కాస్త లోపల ఉండిపోతే ట్యూబు సగం మూసుకుపోయి హై ప్రెషర్ అలారం కొడుతూనే ఉంటుంది, ఎవరికీ కారణం అంతుపట్టదు.

రెండు గంటలకోసారి అని టైమ్ పెట్టి సక్షన్ చేయడం ఆపేయండి. అవసరమైతేనే. ఫ్లో గ్రాఫ్ రంపపు పళ్లలా కనబడితే, గొంతు మీద స్టెత్ పెడితే గరగర వినబడితే, పీక్ ప్రెషర్ పెరుగుతుంటే, ట్యూబులో కఫం కనబడితే చేయండి. ప్రతిసారీ సెలైన్ పోయడం కూడా వద్దు.

స్టాఫ్‌నర్స్_మస్కట్
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. సర్క్యూట్ మార్చాలన్నా, ట్రాన్స్‌పోర్ట్ వెంటిలేటర్‌కి మార్చాలన్నా విప్పక తప్పదు. అప్పుడు కొన్ని సెకన్లు ట్యూబుని క్లాంప్ చేస్తాం. గాజ్ గుడ్డ చుట్టిన ఆర్టరీ ఫోర్సెప్స్‌తో, శ్వాస లోపలికి పోయిన చివర్లో క్లాంప్ చేసి, వెంటిలేటర్‌ని స్టాండ్‌బైలో పెట్టి, విప్పి, తగిలించి, క్లాంప్ తీసి, వెంటిలేటర్ ఆన్ చేయాలి. పేషెంట్ మందుతో పూర్తిగా పారలైజ్ అయి ఉంటేనే ఇది చేయాలి. సొంతంగా ఊపిరి లాగుతున్న మనిషికి ట్యూబు మూస్తే, మూసిన ట్యూబు మీద బలంగా లాగి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది.

లోపల తీగ ఉన్న ఫ్లెక్సోమెటాలిక్ ట్యూబుని మాత్రం ఎప్పుడూ క్లాంప్ చేయొద్దు. ఆ తీగ నొక్కుకుపోతే మళ్లీ తెరుచుకోదు, ట్యూబు మార్చాల్సిందే.

క్రిటికల్‌కేర్_డాక్టర్
మంచి చర్చ. ఎవరిని తిప్పాలో క్లుప్తంగా చెప్తాను. వాల్యూమ్, పీప్ సరిచేసి 12 నుంచి 24 గంటలు చూశాక కూడా పీఎఫ్ (ఏబీజీ ఆక్సిజన్‌ని ఎఫ్ఐఓటూతో భాగిస్తే వచ్చేది) 150 లోపే ఉండి, ఎఫ్ఐఓటూ 0.6 లేదా ఎక్కువ, పీప్ 5 లేదా ఎక్కువ అవసరమవుతుంటే ప్రోన్ చేయాలి. ఈవిడ పీఎఫ్ 72ని 0.7తో భాగిస్తే 103. 2013 ప్రొసేవా ట్రయల్‌లో రోజుకి కనీసం 16 గంటల చొప్పున బోర్లా ఉంచితే 28 రోజుల మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి. అంతకుముందు ఏడెనిమిది గంటలు ఉంచిన ట్రయల్స్‌లో ఈ లాభం కనబడలేదు. కాబట్టి “సాచురేషన్ 96 అయింది, వెల్లకిలా తిప్పేద్దాం” అని ఆరు గంటలకే తిప్పకండి.

వెల్లకిలా ఉన్నప్పుడు గుండె బరువు, పొట్ట ఒత్తిడి వీపు వైపు ఊపిరితిత్తుల మీద పడి అక్కడి గదులు మూసుకుపోతాయి, రక్తం మాత్రం అక్కడికి పోతూనే ఉంటుంది. బోర్లా తిప్పితే ఆ వీపు భాగం తెరుచుకుంటుంది. సాచురేషన్ అంకె పెద్దగా పెరగకపోయినా ఊపిరితిత్తుల మీద గాయం తగ్గుతుంది, ప్రాణం నిలిపేది అది.

నిలకడలేని వెన్నెముక ఫ్రాక్చర్, తెరిచి ఉన్న పొట్ట లేదా స్టెర్నమ్ (రొమ్ము ఎముక), మెదడులో ప్రెషర్ ఎక్కువగా ఉండటం, ధారగా పడుతున్న నోటి రక్తం ఉంటే వద్దు. నారడ్రినలిన్ (బీపీ నిలిపే మందు) నడుస్తోందనో, లావుగా ఉన్నారనో మానేయకండి. మ్యాప్ (సగటు బీపీ) 65 పైన నిలబడితే తిప్పొచ్చు.

ఇన్‌చార్జ్_అక్క
ఇక తిప్పడం. కనీసం ఐదుగురు. తల దగ్గర ఒకరు, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. 80 కిలోలంటే ఏడుగురైతే నయం. తల దగ్గర ఉండేది ట్యూబు పెట్టగలిగిన డాక్టర్. ఆ మనిషి చేతులు ట్యూబు మీద, తల మీద తప్ప వేరే చోట ఉండవు. లెక్క పెట్టేదీ ఆ ఒక్కరే. చెక్‌లిస్ట్ పైకి చదవడానికి, ఏమీ పట్టుకోని మనిషి ఇంకొకరుండాలి.

తిప్పేముందు: ట్యూబు మార్కు చూసి పైకి చెప్పి రాయండి. కఫ్ (ట్యూబు చివరి బెలూన్) ప్రెషర్ మానోమీటర్‌తో 25 నుంచి 30 మధ్య పెట్టండి, వేలితో బెలూన్ నొక్కి చూసి సరే అనుకోవద్దు. నోరు, ట్యూబు సక్షన్ చేయండి. కళ్లలో ఆయింట్‌మెంట్ వేసి రెప్పలు పూర్తిగా మూసి అడ్డంగా టేపు వేయండి. నాలుక పళ్ల లోపల ఉందా చూడండి. రైల్స్ ట్యూబుతో (కడుపులోకి వేసిన ట్యూబు) లోపల ఉన్నది లాగేయండి. ఎఫ్ఐఓటూ 1.0. సెడేషన్ బాగా ఎక్కాకే పారలైజింగ్ మందు బోలస్. లారింగోస్కోప్, బూజీ (ట్యూబుకి దారి చూపే కడ్డీ), 7 ట్యూబు, అర సైజు చిన్నది, పీప్ వాల్వ్ ఉన్న ఆంబూ మంచం పక్కన ఉండాలి.

లైన్లు: నడుము పైవన్నీ తల వైపు, నడుము కిందివన్నీ కాళ్ల వైపు. యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసి కాళ్ల మధ్య. ఇంటర్‌కోస్టల్ డ్రెయిన్ (ఛాతీలోకి వేసిన గొట్టం) ఉంటే బాటిల్ ఎప్పుడూ ఛాతీ కంటే కిందే. నారడ్రినలిన్ సిరంజిలో కనీసం గంటకి సరిపడా మందు ఉందా చూడండి, తిప్పుతుండగా పంపు అలారం కొట్టకూడదు. వెంటిలేటర్, సెంట్రల్ లైన్ ఏ పక్కన ఉన్నాయో చూసి ఎటు తిప్పేదీ ముందే నిర్ణయించి అందరికీ చెప్పండి.

తర్వాత ఛాతీ, తుంటి దగ్గర దిండ్లు పెట్టి, పైన ఒక శుభ్రమైన దుప్పటి కప్పి, కింది దుప్పటి అంచూ పైదాని అంచూ కలిపి ఒంటికి బిగుతుగా చుట్టండి. కజ్జికాయ అంచు మడతపెడతామే, అచ్చం అలాగే. అంచు ఎంత బిగుతుగా ఉంటే మనిషి అంత కదలకుండా ఉంటారు. మొదటి లెక్కకి మంచం అంచుకి జరపడం, రెండో లెక్కకి పక్కకి ఒత్తిగిలించడం, అక్కడ ఆగి ట్యూబు, లైన్లు చూడటం. మూడో లెక్కకి బోర్లా. ఈసీజీ లీడ్లు ముందువి తీసి వీపుకి అంటించేది పక్కకి ఉన్నప్పుడే. సాచురేషన్, ఆర్టీరియల్ లైన్ మాత్రం ఒక్క క్షణం కూడా తీయొద్దు.

తిప్పాక మొదట ట్యూబు మార్కు, రెండు పక్కలా గాలి శబ్దం, క్యాప్నోగ్రాఫ్ (వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ చూపే గ్రాఫ్). ఆ తర్వాతే దిండ్లు సర్దడం. ఆర్టీరియల్ ట్రాన్స్‌డ్యూసర్ మళ్లీ గుండె ఎత్తుకి తెచ్చి జీరో చేయండి, లేకపోతే బీపీ అబద్ధం చెబుతుంది.

కొత్త_స్టాఫ్
తిప్పగానే సాచురేషన్ పడితే వెంటనే వెనక్కి తిప్పేయాలా అక్కా?

క్రిటికల్‌కేర్_డాక్టర్
నేను చెప్తాను. మొదటి పది నిమిషాల్లో కొంచెం దిగడం మామూలే. ట్యూబు జారిందా, ఒక పక్కకే పోయిందా? కఫంతో మూసుకుందా, పేషెంట్ కొరుకుతున్నారా? న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఉందా? మెషీన్, సర్క్యూట్ బాగున్నాయా? ఈ నాలుగూ వరసగా చూడండి. తిప్పినప్పుడు వదులైన కఫం ఒక్కసారిగా ట్యూబులోకి రావడం చాలా మామూలు, అప్పుడు క్లోజ్డ్ సక్షన్ చాలు. అన్నీ బాగుంటే ఎఫ్ఐఓటూ 1.0 మీద ఆగండి. ట్యూబు ఊడితే, సాచురేషన్ 85 లోపే ఉండిపోతే, బీపీ నిలవకపోతే వెల్లకిలా.

గుండె ఆగితే తిప్పేదాకా చేతులు కట్టుకుని నిలబడొద్దు. రెండు భుజం ఎముకల మధ్య, వెన్ను మీద అరచేతులు పెట్టి కంప్రెషన్లు మొదలుపెట్టండి. ఆర్టీరియల్ ట్రేసింగ్‌లో, క్యాప్నోగ్రాఫ్‌లో ఫలితం తెలుస్తుంది. ఈలోగా జట్టు పోగయ్యాక తిప్పండి.

ఫిజియో_వరంగల్
చేతులు ఈతగాడిలా పెడతాం: ముఖం ఎటు తిరిగి ఉందో ఆ చెయ్యి పైకి, రెండోది ఒంటి పక్కన కిందికి. పైకి పెట్టిన చెయ్యి భుజం దగ్గర 80 డిగ్రీలు మించి తెరవకూడదు, మోచెయ్యి 90 దగ్గర వంగాలి. భుజం వెనక్కి లాగినట్టు ఉండకూడదు. 16 గంటలు చెయ్యి తలపైకి సాగదీసి వదిలేస్తే చేతికి పోయే బ్రాకియల్ ప్లెక్సస్ నరాలు దెబ్బతింటాయి. మత్తులో ఉన్న మనిషి నొప్పని చెప్పలేరు, ట్యూబు తీశాక గ్లాసు ఎత్తలేకపోయినప్పుడే బయటపడుతుంది. రెండు నుంచి నాలుగు గంటలకోసారి, తల తిప్పేటప్పుడే చేతులూ మార్చండి. మణికట్టు వాలిపోకుండా చిన్న చుట్ట, పాదాలు సాగిపోకుండా మోకాళ్ల దిగువ ముందెముకల కింద దిండు, వేళ్లు పరుపుకి తగలకుండా.

మంచం మొత్తాన్ని తల వైపు 25 నుంచి 30 డిగ్రీలు ఎత్తండి. ముఖం వాపు, కంటి మీద ఒత్తిడి, ఫీడ్ వెనక్కి రావడం మూడూ తగ్గుతాయి.

గాయం_డ్రెస్సింగ్
ముఖం సంగతి. తిప్పేముందే నుదురు, చెంపలు, గడ్డం, రొమ్ములు, తుంటి ఎముకలు, మోకాళ్ల మీద సిలికోన్ ఫోమ్ డ్రెస్సింగ్ అంటించండి. ఫోమ్ లేకపోతే పల్చటి హైడ్రోకొల్లాయిడ్. గ్లోవ్‌లో నీళ్లు నింపి దిండులా పెట్టడం, సెలైన్ బాటిళ్లు, మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి రింగులు మానేయండి. రింగ్ అంచు చుట్టూ ఒత్తిడి పెరిగి మధ్యభాగానికి రక్తం అందదు.

గట్టి ప్లాస్టిక్ ట్యూబ్ హోల్డర్ ముందే తీసి మెత్తటి టేపుతో కట్టాలి. బోర్లా ఉన్నప్పుడు ముఖం వాస్తుంది, సాయంత్రం సరిపోయిన కట్టు అర్ధరాత్రికి మూతి కోసేస్తుంది. రెండు వేళ్లు దూరేంత వదులు ఉందా రెండు గంటలకోసారి చూసుకోండి. లాలాజలం ధారగా కారుతుంటుంది, తడికి టేపు ఊడుతుంది. చెంప కింద పీల్చుకునే ప్యాడ్ వేసి తడవగానే మార్చండి.

తల తిప్పడం రెండు నుంచి నాలుగు గంటలకోసారి, ముగ్గురితో. ఒకరు ట్యూబు, ఒకరు తల ఎత్తడం, ఒకరు కింద ప్యాడ్ మార్చడం. ఈడ్చకూడదు, ఎత్తాలి. ఎత్తిన ఆ పది సెకన్లలో కింది కన్ను, చెవి మడత పడిందా, నాలుక, పెదవుల మూలలు టార్చి వేసి చూసి రాయండి. ఈసీజీ బటన్, క్యాన్యులా మూత, సిరంజి క్యాప్ ఒంటి కింద ఉండిపోతాయి. అరచెయ్యి దూర్చి తడమండి.

స్క్రబ్ టైఫస్ కాబట్టి ఇంకొకటి. పురుగు కుట్టిన చోట పడే నల్ల పొక్కు చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద ఉండొచ్చు. తిప్పేముందే చూసి ఎక్కడుందో రాసుకోండి, లేకపోతే రేపు దాన్ని ప్రెషర్ సోర్ అనుకుంటారు. డెంగీ పేషెంటై ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే ముక్కులోంచి రైల్స్ ట్యూబు వద్దు, నోటిలోంచి వేయమనండి.

స్టాఫ్‌నర్స్_మస్కట్
నోటి శుభ్రత గురించి చిన్న అభ్యంతరం. చాలాచోట్ల ఇంకా క్లోర్‌హెక్సిడిన్‌తో రోజుకి మూడుసార్లు అని రాసి ఉంది. అమెరికాలో 2022లో వచ్చిన వెంటిలేటర్ న్యుమోనియా నివారణ సిఫార్సుల్లో క్లోర్‌హెక్సిడిన్ వద్దన్నారు, మెత్తటి బ్రష్‌తో పళ్లు తోమడమే చెప్పారు. బోర్లా ఉన్నప్పుడు కూడా పై చెంప వైపు బ్రష్ పోతుంది.

ఇన్‌చార్జ్_అక్క
క్లోర్‌హెక్సిడిన్ మీద యూనిట్ పాలసీ ఏదైతే అది, కానీ బ్రషింగ్ మానకూడదు. నేను ఒప్పుకుంటాను.

ఇక ఫీడ్. తిప్పడానికి గంట ముందు ఆపి, తిప్పే వేళకి కడుపులోది లాగేయండి. తిప్పాక ట్యూబు మార్కు సరిగ్గా ఉందని తేలాక, గంటలో పాత రేటుకే మళ్లీ మొదలుపెట్టండి. 16 గంటలూ ఆకలితో ఉంచడం తప్పు. బోలస్‌గా కాకుండా పంపుతో నిదానంగా. వాంతి వస్తే డాక్టర్‌గారు మెటోక్లోప్రమైడ్ రాస్తారు.

అందరూ మర్చిపోయేది ఇన్సులిన్. స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరిగి ఇన్సులిన్ ఇన్‌ఫ్యూజన్ నడుస్తుంటుంది. ఫీడ్ ఆపారు, ఇన్సులిన్ పంపు నడుస్తూనే ఉంది. పారలైజ్ అయిన మనిషిలో ఫిట్స్ కనబడవు, చెమట, పల్స్ పెరగడం లాంటివే గుర్తులు. ఫీడ్ ఆపిన నిమిషంలోనే ఇన్సులిన్ గురించి అడగండి, గంటకోసారి షుగర్ చూడండి. చెక్‌లిస్ట్‌లో ఈ రెండూ ఒకే గీతలో రాయి తల్లీ, విడివిడిగా వద్దు.

జిల్లా_ఆసుపత్రి_నర్స్
మా దగ్గర ఏబీజీ మెషీన్ లేదు, హై ఫ్లో (ముక్కులోంచి ఎక్కువ వేగంతో ఇచ్చే ఆక్సిజన్) ఉంది. స్పృహలో ఉన్నవాళ్లని బోర్లా పడుకోమంటున్నాం. ట్యూబు అవసరమని ముందే ఎలా పసిగట్టాలి?

వెంట్‌గ్రాఫ్
సాచురేషన్‌ని ఎఫ్ఐఓటూతో భాగించండి. సాచురేషన్ 97 లేదా తక్కువ ఉన్నప్పుడే ఈ లెక్క పనికొస్తుంది. 315 లేదా తక్కువ వస్తే, నిమిషానికి కనీసం 30 లీటర్ల హై ఫ్లో మీదున్నవాళ్లని కూడా కొత్త నిర్వచనం ఏఆర్‌డీఎస్ కిందే లెక్కిస్తుంది. ఆ వచ్చినదాన్ని శ్వాస రేటుతో భాగిస్తే రాక్స్, హై ఫ్లో సరిపోతుందో లేదో చెప్పే అంకె. సాచురేషన్ 92, ఎఫ్ఐఓటూ 0.6, రేటు 30 అయితే 153ని 30తో భాగించి 5.1. రెండు, ఆరు, పన్నెండు గంటలకి 4.88 పైన ఉంటే కొంత నిబ్బరం. పడుతూ పోతుంటే రెఫరల్ ఆలస్యం చేయకండి, రాత్రి రెండింటికి అంబులెన్స్‌లో ట్యూబు వేయాల్సి రావడం కంటే సాయంత్రం ఆరింటికి వార్డులో వేయడం మేలు. దారిలో ఆక్సిజన్ లెక్క కూడా చూసుకోండి: బి టైప్ సిలిండర్‌లో నిండుగా ఉంటే 1500 లీటర్లు. నిమిషానికి 12 లీటర్లు వాడితే రెండు గంటలు. హై ఫ్లో 50 లీటర్లూ పూర్తి ఆక్సిజనే అయితే అరగంటే.

పారాక్వాట్ (కలుపు మందు) తాగిన పేషెంటైతే లెక్క వేరు. ఆక్సిజన్ ఆ విషానికి ఆజ్యం. సాచురేషన్ బాగా పడితే తప్ప పెట్టొద్దు, అలవాటుగా మాస్క్ తగిలించేయకండి.

క్రిటికల్‌కేర్_డాక్టర్
మత్తు గురించి ఒక్క మాట. పారలైజ్ చేసే మందుకి మత్తూ లేదు, నొప్పి తగ్గించే గుణమూ లేదు. అట్రాక్యూరియం నడుస్తుండగా ఫెంటనిల్, మిడజోలం సిరంజి అయిపోతే పేషెంట్ మెలకువగా, కదలలేక, అన్నీ వింటూ ఉంటారు. ఉన్నట్టుండి పల్స్, బీపీ పెరిగి కళ్లలోంచి నీళ్లు వస్తే మొదట సెడేషన్ లైన్ చూడండి. పారలైజింగ్ మందు మొత్తం 16 గంటలూ అందరికీ అక్కర్లేదు. ఒక శ్వాస మీద ఇంకో శ్వాస పేరుస్తున్న పేషెంట్‌కి కావాలి, ఎందుకంటే గ్రాఫ్‌లో అలా జంటగా కనబడిన ప్రతిసారీ 260 పెట్టినా ఊపిరితిత్తుల్లోకి 520 దాకా పోతోంది.

వెల్లకిలా తిప్పిన నాలుగు గంటల తర్వాత ఏబీజీ. పీఎఫ్ 150 లేదా ఎక్కువ, పీప్ 10 లేదా తక్కువ, ఎఫ్ఐఓటూ 0.6 లేదా తక్కువ ఉంటే ఆ రోజు మళ్లీ తిప్పక్కర్లేదు. లేకపోతే సాయంత్రం మళ్లీ బోర్లా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అందరికీ చాలా థాంక్స్. టైడల్ వాల్యూమ్ స్టిక్కర్, ఫీడ్, ఇన్సులిన్ ఒకే గీతలో, టార్చితో కన్ను, చెవి, నాలుక చూడటం చేర్చాను. ఒకటే మిగిలింది. మధ్యాహ్నం 4కి తిప్పితే 16 గంటలు సరిగ్గా పొద్దున 8కి, హ్యాండోవర్ వేళకి వస్తోంది. ఎలా సర్దాలి?

ఇన్‌చార్జ్_అక్క
8కి తిప్పొద్దు. పోయేవాళ్లకి తొందర, వచ్చేవాళ్లకి పేషెంట్ తెలియదు. సాయంత్రం 5కి బోర్లా, పొద్దున రౌండ్స్ అయ్యాక 10కి వెల్లకిలా, 17 గంటలవుతుంది. నష్టం లేదు. మధ్యాహ్నం 2కి ఏబీజీ పడుతుంది, అప్పుడు డాక్టర్లందరూ ఉంటారు. 8కి హ్యాండోవర్‌లో మాత్రం ఇద్దరు నర్సులూ కలిసి మంచం దగ్గరే నిలబడి ట్యూబు మార్కు, కఫ్ ప్రెషర్, కింది చెంప చూసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ పెట్టె చెక్‌లిస్ట్ మొదటి పేజీలోనే వేయి, వెనక పేజీలో వేస్తే ఎవరూ తిప్పి చూడరు.